బోణీ చేయి

జూన్ 4, 2007

ఈరోజు నుంచి ఇంటి సరుకులన్నీ సూపర్‌మార్కెట్‌లోనే. తేల్చేసుకున్నాను. కారణాలు రాసి పెట్టుకుంటే రేపు మనసు మారకుండా ఉంటుంది. పప్పులో రాళ్లుండవు. లోపల చల్లగా ఉంటుంది. కావలసింది మనమే ఏరుకోవచ్చు, "అన్నా అది ఇయ్యి, అన్నా ఇది ఇయ్యి" అంటూ గల్లా ముందు మెడ చాచి నిలబడే బాధ లేదు. అక్కడ ఎవరి మొహం ఎవరూ చూడరు.

చివరిది కొట్టేయాలి. అది కారణం కాదు.

వనిత ఊరుకుంటుందా! ఇంజనీరింగ్ చివరి పరీక్షలు రాసి ఇంట్లో కూర్చుంది, ప్రతిదానికీ నన్ను సంజాయిషీ అడుగుతుంది. "గింత దూరం పోవుడెందుకమ్మా? కుర్మయ్య మామ దుకాణం మన సందు మూలకే ఉన్నది గద" అంది.

"ఆయన దగ్గర అన్ని పాత సరుకులు" అన్నాను.

"నేను పుట్టినకాడికెల్లి గవే తింటున్నం గద."

"అందుకే ఇగ సాలు."

అది నోరు మూసుకుంది. నా నోటి ముందు ఎవరూ నిలవలేరని వాళ్ల నాన్న అనేవాడు. ఆయన పోయాక ఇంట్లో చాలా పోయాయి, నోరు మాత్రం అలాగే ఉంది.

జూన్ 6

ఉప్పు అయిపోయింది. ఒక్క ఉప్పు ప్యాకెట్ కోసం ఆటో ఎక్కి, మొయినాబాద్ చౌరస్తా దాటి చేవెళ్ల రోడ్డు మీదికి పోయి వచ్చాను. వింటే ఊరు నవ్వుతుంది.

జూన్ 10

ఈ డైరీ మా ఆయన కంపెనీ వాళ్లు కొత్త సంవత్సరానికి డ్రైవర్లందరికీ ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ పిల్లలను బస్సులో గచ్చిబౌలికి తీసుకుపోయి తీసుకురావడం ఆయన పని. మార్చిలో ఒకరోజు అందరినీ దింపి, బస్సును దాని చోట నిలిపి, స్టీరింగ్ మీద తల వాల్చాడట. నిద్రపోతున్నాడనుకుని చాలాసేపు ఎవరూ లేపలేదట. ముందు పేజీల్లో ఆయన రాత ఉంది. అటు తిప్పను.

కొత్త డ్రైవర్ కూడా మన సందు చివర హారన్ కొడతాడు, ఆయన కొట్టినట్లే, ఒక్కసారి. ఎందుకు కొడతాడో తెలియదు. ఇక్కడ ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. బహుశా ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్నప్పుడు ఆ అలవాటు కూడా నేర్చుకున్నాడేమో. ఈరోజు హారన్ వినగానే లేచి టీ గిన్నె పొయ్యి మీద పెట్టాను. పాలు పోశాక గుర్తొచ్చింది. టీ నేనే తాగాను, రెండు కప్పులూ.

జూన్ 13

కుర్మయ్యన్న గురించి అన్యాయంగా రాయకూడదు. మంచివాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే నన్ను "చెల్లె" అన్నాడు. పొద్దున మొదటి బేరం, బోణీ, నా చేతితోనే కావాలి ఆయనకు. షట్టర్ ఎత్తి, తక్కెడ తుడిచి, అగరుబత్తి వెలిగించి, మా గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాడు. నాకేమీ అక్కర్లేకపోయినా అగ్గిపెట్టో, అల్లం ముక్కో కొనాల్సిందే. "చెల్లె, నీ చెయ్యి వడ్డదంటే ఆ దినం నాకు కూసునే తీరిక ఉండదు" అనేవాడు. నోటు కళ్లకద్దుకుని గల్లాలో వేసేవాడు. ఒకసారి నాకు జ్వరమొస్తే తన భార్య బాలనర్సమ్మ వదినను మా ఇంటికి పంపాడు, మంచం మీద పడుకునే రూపాయి ఇచ్చి పంపాను. మా ఆయన నవ్వేవాడు. "నీలవేణీ, నా జీతం కంటే నీ చెయ్యికే డిమాండ్ ఎక్కువున్నది" అనేవాడు.

నాకు గర్వంగానే ఉండేది. ఎందుకుండదు? నా ఒంట్లో నాకు తెలియని మంచి ఏదో ఉందని ఒక మనిషి రోజూ పొద్దున్నే చెబుతుంటే ఎవరికి చేదు?

జూన్ 15

రాసేస్తాను. రాస్తే పోతుందేమో.

నెల మాసికం అయిన మర్నాడు. అత్తగారింటి వాళ్లంతా వెళ్లిపోయారు. పొద్దున లేచాను, పాల ప్యాకెట్ కావాలి, కాళ్లు అలవాటుగా సందు మూలకే నడిచాయి. కుర్మయ్యన్న అప్పుడే షట్టర్ ఎత్తాడు. నన్ను చూశాడు. నా మొహం చూశాడు, బొట్టు ఉండే చోట.

"జర ఆగు చెల్లె" అన్నాడు.

ఆగాను. తక్కెడ తుడిచాడు. తుడిచిన తక్కెడను మళ్లీ తుడిచాడు. వెలుగుతున్న అగరుబత్తి పక్కన ఇంకొకటి వెలిగించాడు. బియ్యం బస్తా లోపలికి జరిపాడు, మళ్లీ అదే బస్తాను బయటికి జరిపాడు. నేను పిచ్చిదాన్ని, పనిలో ఉన్నాడనే అనుకున్నాను. అప్పుడు మా సందు రామన్న బీడీల కోసం వచ్చాడు. కుర్మయ్యన్న కట్ట ఇచ్చాడు, నోటు తీసుకున్నాడు, కళ్లకద్దుకున్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి "ఆఁ, చెప్పు చెల్లె, ఏం గావాలె?" అన్నాడు. తల మాత్రం ఎత్తలేదు. పాల ప్యాకెట్‌తో పాటు బెల్లం ముక్క ఒకటి కాగితంలో చుట్టి "పిల్లకియ్యి" అన్నాడు.

ఆ బెల్లం గొంతులోకి దిగదు. అప్పుడూ దిగలేదు, ఇప్పుడూ దిగడం లేదు.

ఇదీ సంగతి. రాళ్లూ లేవు, పాత సరుకులూ లేవు. రోజూ ఆటో ఎక్కేది ఆ "జర ఆగు" వినకుండా ఉండడానికి. సందు మూల దాటేటప్పుడు ఆటోవాడితో గట్టిగా మాట్లాడుతూ కూర్చుంటాను. అయినా వినిపిస్తుంది. పంపు దగ్గర బిందె పెడితే వినిపిస్తుంది. దేవుడి గూటి ముందు అగ్గిపుల్ల గీస్తే వినిపిస్తుంది.

ఆయన్ను తిట్టుకుంటే బాగుండేది, తిట్టుకోలేకపోతున్నాను. దుకాణం పెట్టుకున్నవాడు బోణీ చూసుకోడా? నన్ను తొలిచేది వేరే. నా చేయి నిజంగానే మారిపోయిందా? మారితే ఎప్పుడు మారింది? మార్చిలో ఆ రోజు పొద్దున కూడా నేనే బోణీ చేశాను కదా.

జూన్ 16

రాసినా పోలేదు.

జూన్ 27

ఈరోజు తొందరగా పోయాను. సూపర్‌మార్కెట్ అద్దం తలుపు అప్పుడే తీశారు. సబ్బులూ గోధుమపిండీ తీసుకుని బిల్లు దగ్గరికి వస్తే అక్కడ ఒక్క మనిషి లేడు. బిల్లు కొట్టే పిల్ల కృప, ఎంకపల్లి పిల్ల, రోజూ పలకరిస్తుంది.

"గుడ్ మార్నింగ్ ఆంటీ! ఇయ్యాల ఫస్ట్ బిల్లు మీదే" అంది.

ఇక్కడ కూడానా? "నాకంటే ముందు ఇంకెవరికన్న కొట్టు బిడ్డా. నేను ఆగుత" అన్నాను.

"ఎవరున్నరాంటీ? మీరొక్కరే ఉన్నరు."

"వస్తరు. ఎవరో ఒకరు వస్తరు. నాకేం తొందర లేదు."

ఆ పిల్ల నా మొహం వైపు ఒక్కసారి చూసింది. నేను సబ్బుల వైపు చూశాను. "మా అమ్మ కూడ గంతే ఆంటీ" అంది మెల్లగా. "బాపు పోయినంక పెండ్లిళ్లకు పోదు, ఎవరెదురుగ నడువదు. మా చర్చిల పాట మాత్రం ఆమెతోనే మొదలువెడ్తరు. గొంతు మంచిగుంటది మా అమ్మది." ఇలా అంటూనే నా సరుకులు ఒక్కొక్కటి మిషన్ ముందు పెట్టి టిక్కు టిక్కుమనిపించింది. నేను చేయి అడ్డం పెట్టేలోపే బిల్లు బయటికి వచ్చింది.

ఇంటికొచ్చాక పని మీద మనసు నిలవలేదు. కుడుతున్న జాకెట్టుకు చేతులు తిరగేసి అతికాను.

జూన్ 28

పని లేకపోయినా ఆటో ఎక్కి పోయి చూశాను. సూపర్‌మార్కెట్ ఉంది. కాలిపోలేదు, కూలిపోలేదు. కనకమామిడి ఫామ్‌హౌసుల వాళ్ల కార్లు బయట వరసగా నిలబడి ఉన్నాయి, లోపల అడుగు పెట్టే సందు లేదు. కృప తలెత్తి చూసే తీరిక లేక కూర్చుంది. ఎంత సంతోషం వేసిందో! రోడ్డు మీద నిలబడి పిచ్చిదానిలా నవ్వుకున్నాను.

తిరుగు ఆటోలో ఆ సంతోషం చూసుకుని భయం వేసింది. ఏం చూడడానికి పోయాను నేను? కుర్మయ్యన్న ఒక్కడే నమ్ముతున్నాడా, నేను నమ్మడం లేదా?

జూలై 11

బాలనర్సమ్మ వదిన పంపు దగ్గర పట్టుకుంది.

"ఏం వదినె, మొఖం సూపిస్తలేవు. మీ అన్న మీద అలిగినవా?"

"అలుగుడేంది వదినె, పిల్లకు ఆడి బిస్కట్లే గావాల్నంట" అన్నాను. వనిత మీద తోసేశాను.

"అందరు ఆడికే పోతున్నరు. పొద్దుందాక కూసున్నా ఎవ్వరు వస్తలేరు. మీ అన్న ఏమంటున్నడు ఎర్కేనా? చెల్లె వచ్చుడు బంద్ వెట్టిన కాడికెల్లి దుకాణం నడుస్తలేదంటున్నడు. ఆమె చెయ్యి పోయిందంటున్నడు."

బిందె నిండి నీళ్లు కాళ్ల మీద పడుతున్నా కదల్లేదు నేను. ముందు పొద్దున్నే నా చేయి పడితే దుకాణం మునుగుతుందన్నట్లు ఆపావు, ఇప్పుడు పడక మునిగిందంటున్నావు. ఏదో ఒకటి తేల్చి చెప్పన్నా! మంచిదా, చెడ్డదా నా చేయి? ఇది నేను అక్కడ అడగలేదు. ఇంటికొచ్చి బిందె దించి, తలుపు మూసి, గోడతో అన్నాను.

జూలై 30

వనితకు ఉద్యోగం వచ్చింది. పెద్ద కంపెనీ. సెప్టెంబర్‌లో చేరాలట. ఫోన్ పెట్టేసి నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. నేను నవ్వాను, ఏడ్చాను, మళ్లీ నవ్వాను. తర్వాత స్వీట్లు పంచడానికి దాన్నొక్కదాన్నే పంపాను.

ఆగస్టు 18

కుర్మయ్యన్న బస్తా ఎత్తబోయి పడిపోయాడట. ఒక పక్క చేయీ కాలూ పడిపోయాయి. చేవెళ్ల దవాఖానలో ఉన్నాడు.

ఆగస్టు 20

పోయి చూసి వచ్చాను. మూతి పక్కకు పోయింది. నన్ను గుర్తుపట్టాడు. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చేయి లేవడం లేదు. బాలనర్సమ్మ వదిన తుడిచింది. నాకు అక్కడ కూర్చోవాలనిపించలేదు. గది నిండా అదే మాట ఉన్నట్లనిపించింది. "మల్ల వస్తనన్నా, మొయినాబాద్ ఆటో పోతది" అని లేచాను.

గడప దాకా వచ్చాక వెనక నుంచి గొంతు. "చె... ల్లె. జర... ఆగు."

ఆగలేదు.

వినపడనట్లు నడిచాను. బయటికొచ్చి ఆటో ఎక్కి కూర్చున్నాను. ఏం చెప్పబోయాడు? నీళ్లు అడిగాడేమో. రేపు పోతాను. రేపు పోయి పక్కన కూర్చుని అడుగుతాను.

ఆగస్టు 21

పొద్దున్నే పోయాడు.

ఆగస్టు 31

పదకొండో రోజు. నేను పోలేదు. బాలనర్సమ్మ వదిన గాజులు తీస్తారు, అది చూడలేను. వనిత ఒక్కతే పోయి వచ్చింది.

సెప్టెంబర్ 8

బాలనర్సమ్మ వదిన దుకాణం తెరిచింది. ఇద్దరు పిల్లలున్నారు, ఆ దుకాణం తప్ప దిక్కు లేదు. ఈ సందు ఆడవాళ్లను చూస్తే ఒళ్లు మండుతోంది. పొద్దున అటు నుంచి పోవాలంటే అవతలి గోడ పక్కగా పోతారు. పక్కింటి వసంతమ్మ అయితే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని మరీ దాటింది. పొద్దెక్కాక, ఎక్కడో ఇంకోచోట ఏదో ఒకటి కొన్నాక, అప్పుడు మెల్లగా వచ్చి ఒక కొత్తిమీర కట్ట కొంటారు. సిగ్గు లేదు. మనుషులేనా వీళ్లు!

నేను సూపర్‌మార్కెట్‌కే పోతున్నాను. నాది వేరే. నాకు అక్కడ అలవాటైంది.

సెప్టెంబర్ 16

రేపు వనిత ఉద్యోగంలో చేరుతుంది. ఆఫీసు బస్సు రోడ్డు మీదికే వస్తుంది. వసంతమ్మను ఎదురు రమ్మని బతిమాలాను, ఆమెను తిట్టిన నోటితోనే. నిండుగా బొట్టు పెట్టుకుని వస్తానంది. నేను వంటింట్లో ఉంటాను. టిఫిన్ డబ్బా సర్దే పని ఎలాగూ ఉంది.

సెప్టెంబర్ 17

దేవుడా, ఎలా రాయను!

పొద్దున వనిత స్నానం చేసి వచ్చింది. తల దువ్వాను, డబ్బా ఇచ్చాను, వంటింట్లోకి తప్పుకున్నాను. అది వెనకే వచ్చింది.

"వసంతత్తను వాపస్ పంపిన. నాకు నువ్వే ఎదురు రావాలె" అంది.

"వద్దు బిడ్డా. నా మాటిను. కొత్త నౌకరి."

"నువ్వు రాకుంటే నేను పోనే పోను. ఇంట్లనే కూసుంట" అని పీట లాక్కుని కూర్చుంది. మొండిది. అచ్చం వాళ్ల నాన్న.

గాలి పీల్చుకుని వాకిట్లోకి నడిచాను. చెంబుతో నీళ్లు పట్టుకుని దాని ఎదురుగా వచ్చాను. అది నవ్వింది, వంగి నా కాళ్లు ముట్టింది. ఆయన పోయాక మొదటిసారి ఒంట్లోకి ప్రాణం వచ్చినట్లయింది. నా చేయి బాగానే ఉంది అనుకున్నాను.

వనిత గడప దాటబోతుండగా సందులో బాలనర్సమ్మ వదిన వస్తోంది, బకెట్ పట్టుకుని, మాకు సరిగ్గా ఎదురుగా. బోసి మొహం.

నా చేయి దానంతటదే లేచింది. వనిత రెక్క పట్టుకుని లోపలికి గుంజాను. "జర ఆగు" అన్నాను.

నా నోటి నుంచే. ఆ గొంతుతోనే.

వదిన విన్నది. బకెట్ అక్కడే దించి, గబగబా వెనక్కి తిరిగి, దుకాణంలోకి పోయి షట్టర్ సగం కిందికి లాగేసుకుంది. మా కోసం. మేము దాటి పోవాలని.

వనిత నా చేయి విడిపించుకుంది. నన్ను అలా చూడడం ఎప్పుడూ ఎరగను. "నువ్వు ఎదురొస్తే మంచిగ, అత్త ఎదురొస్తే చెడ్డనా అమ్మా?" అంది. అది బకెట్ తీసుకుపోయి షట్టర్ ముందు పెట్టి, "పోయొస్తా అత్తా" అని గట్టిగా చెప్పి రోడ్డు వైపు నడిచింది.

సెప్టెంబర్ 18

ఇంట్లో పప్పు లేదు. ఆటో ఎక్కలేదు. సందు మూలకూ పోలేదు. చారు పెట్టాను. వనిత తిని పడుకుంది.

సెప్టెంబర్ 19

షట్టర్ ఎత్తే వేళకు పోయి నిలబడ్డాను.

వదిన నన్ను చూసి ఉలిక్కిపడింది. మొన్నటి సంగతి నేనెత్తబోతే చేతితోనే వద్దంది. అగరుబత్తి వెలిగించింది. "అర కిలో కందిపప్పు ఇయ్యి వదినె" అన్నాను.

"జర ఆగు వదినె" అంది.

నేను తల దించుకున్నాను. నాకిది కావలసిందే. కానీ ఆమె మాట అక్కడితో ఆగలేదు. "పిల్ల కొత్తగ నౌకరిల వడ్డది. పొద్దుగాల పొద్దుగాల నా చేతులకెల్లి తీస్కోకు. ఇంకెవలన్న బోని చెయ్యనీ, గప్పుడిస్త. నీ బిడ్డకు మంచిది గాదు" అంది.

నన్ను ఆపింది నా కూతురి కోసం. మొన్న షట్టర్ లాక్కున్న మనిషి ఈ మాట అంటోంది! చెంపలు వాయించుకోవాలనిపించింది.

ఇద్దరం వేచి ఉన్నాం. ఆమె గల్లా వెనక, నేను ముందు. వసంతమ్మ సూపర్‌మార్కెట్ సంచి చంకలో పెట్టుకుని అవతలి గోడ పక్కగా పోయింది. రామన్న ఇప్పుడు బీడీలు చౌరస్తాలో కొంటున్నాడు, ఇటు చూడకుండా సైకిల్ తొక్కాడు. చిల్కూరు ఆటోలు పోయాయి. ఎండ మెట్టు మీదికి, మెట్టు మీది నుంచి బస్తాల మీదికి వచ్చింది. అగరుబత్తి మొత్తం బూడిదైంది. ఎవ్వరూ రాలేదు.

"ఎవ్వలు రారు వదినె" అన్నాను. "నువ్వు, నేనే ఉన్నం. నాకు పప్పు గావాలె."

"నాకు భయమైతున్నది వదినె."

"నాకు గూడ" అన్నాను.

నోటు గల్లా మీద పెట్టాను. ఆమె తక్కెడలో పప్పు పోసింది. తక్కెడ ఊగుతూనే ఉంది, నిలవడం లేదు. కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టేటప్పుడు ఇద్దరి వేళ్లూ చల్లగా ఉన్నాయి. నోటు కళ్లకద్దుకోలేదు, గల్లాలో వేసింది.

ఆ పప్పు వండాను. రోజంతా ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. వనిత ఎక్కే బస్సు, ఆ చేవెళ్ల రోడ్డు మలుపులు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఏమన్నా అయితే అది నా వల్లే, వదిన వల్లే. బస్సు వచ్చే వేళకంటే చాలా ముందే వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను.

చూస్తే, దుకాణం ముందు వదిన కూడా నిలబడి ఉంది. బేరం వదిలేసి రోడ్డు వైపే చూస్తోంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో. నన్ను చూడలేదు.

వనిత బస్సు దిగింది. సంచి భుజాన వేసుకుని, ఎవరితోనో నవ్వుతూ, మామూలుగా నడిచి వచ్చింది. వదిన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. వనిత పరుగెత్తుకుపోయి "ఏమైందత్తా?" అంటోంది. నేను కూడా చెప్పులు లేకుండానే అటు పోయాను.

రేపు పొద్దున కూడా బోణీ నేనే చేస్తానని వదినతో అన్నాను. భయం పోలేదు.